తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

యాకుత్‌పురా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ దిగి పాతబస్తీ గల్లీల్లోకి నడిస్తే ఏదో ఒక మోటారు చప్పుడు వెంట వస్తూనే ఉంటుంది. గోధుమలు పట్టే గిర్ని, కారం పట్టే గిర్ని, బేకరీ వెనక గదిలో మైదా కలిపే యంత్రం, మలుపులో చెరకు రసం బండి. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో యంత్రం, పైన కాపురం: పాతబస్తీలో చిన్న వర్క్‌షాపు చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. కన్వేయర్ బెల్టు అనగానే మనకు సింగరేణి బొగ్గు, సిమెంటు ఫ్యాక్టరీ, విమానాశ్రయంలో సామాన్ల బెల్టు గుర్తుకొస్తాయి. కానీ ఆ బెల్టుల్లో మనిషిని పట్టుకునే భాగం ఈ గల్లీ యంత్రాల్లోనూ ఉంది. తిరిగే రోలరు, దాని మీదికి వచ్చి చేరే బెల్టో మరో రోలరో, రెంటి మధ్య సన్నటి సందు.

ఆ సందులో వేళ్ళు పడే వేళ కూడా చాలాసార్లు ఒకటే. సరుకు జోరుగా నడుస్తున్నప్పుడు మనుషులు యంత్రానికి కాస్త ఎడంగానే ఉంటారు. చెయ్యి దగ్గరయ్యేది పని ముగిశాక కడిగేటప్పుడు, అంటుకున్న పిండి గీకేటప్పుడు, బేరింగుకు గ్రీజు పెట్టేటప్పుడు, ఇరుక్కున్న గోనె ముక్కను లాగేటప్పుడు. బెల్టు యంత్రాల ప్రమాదాల్లో శుభ్రం చేసే పనికీ మరమ్మతుకూ పెద్ద వాటా ఉండటానికి కారణం ఇదే. 'వాడే చూసుకోలేదు' అని ఆ పని చేసిన మనిషి మీద నెట్టేయడం తేలిక. లెక్క వేసి చూస్తే తప్పు వేరేచోట ఉంది. యంత్రం ఆగి ఉండాలా తిరగాలా అన్నది, లోపల చెయ్యి పెట్టిన మనిషి అదుపులో లేదు.

లోపలికి లాగే బలం

ఒక హార్స్‌పవర్ మోటారు చూడటానికి చిన్నదే. గిర్నీల్లో అంతకంటే పెద్దవే ఉంటాయి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఈ మోటారు ఒక బెల్టును సెకనుకు అర మీటరు వేగంతో నడుపుతోందనుకుందాం. మనిషి తాపీగా నడిచే వేగంలో సగం కూడా కాదు. గేర్లలో పోయే నష్టాన్ని పక్కన పెడితే, శక్తిని వేగంతో భాగిస్తే వచ్చే లాగుడు దాదాపు 1,500 న్యూటన్లు. అంటే 150 కిలోల బరువును వేలాడదీసినంత బలం. పైగా ఏదైనా అడ్డుపడగానే ఇండక్షన్ మోటారు వెంటనే ఆగిపోదు. ఆగేముందు తన మామూలు బలానికి రెండు రెట్లు, ఇంకా ఎక్కువ కూడా చూపిస్తుంది. గోనె సంచి ముక్క అడ్డుపడిందా, మనిషి చెయ్యి పడిందా అన్న తేడా దానికి తెలియదు. బెల్టు నెమ్మదిగా నడుస్తోంది కాబట్టి ప్రమాదం తక్కువ అనుకోవడం అందుకే పొరపాటు. అదే మోటారుతో వేగం తగ్గించే గేరు పెట్టిన కొద్దీ లాగే బలం పెరుగుతుంది.

ఇక సమయం సంగతి. కంటికి ఏదైనా కనిపించగానే చెయ్యి కదలడానికి, ముందే సిద్ధంగా ఉన్న మనిషికి కూడా సెకనులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు పడుతుంది. అనుకోకుండా జరిగితే ఇంకా ఎక్కువ. సెకనుకు ఒకటిన్నర మీటర్లు నడిచే బెల్టు ఆ పావు సెకనులో 37 సెంటీమీటర్లు పోతుంది. పెద్దవాళ్ళకు మధ్యవేలి కొస నుంచి మోచేయి దాకా ఉండేది సుమారు 45 సెంటీమీటర్లు. 'పట్టుకుంది' అని మెదడుకు తెలిసి కండరం కదిలేలోగా ముంజేయి చాలావరకు లోపల ఉంటుంది. సెకనుకు అర మీటరు నడిచే నెమ్మది బెల్టు కూడా అంతలో 12 సెంటీమీటర్లు లాగేస్తుంది. వేళ్ళు మొత్తం పోవడానికి అది చాలు. ఎంత చురుకైన మనిషైనా ఈ పరుగులో గెలవలేడు. 'జాగ్రత్తగా ఉండు' అన్న సలహా ఆ పావు సెకనులో పనికిరాదు.

మూడోది రాపిడి. ఊళ్ళో బెదిరిన ఎద్దును ఆపాలంటే పగ్గాన్ని చేత్తో పట్టుకోరు. గుంజకు రెండు చుట్లు చుట్టి కొస పట్టుకుంటారు. ఒక్క మనిషి పట్టుకు ఎద్దు నిలుస్తుంది. దీని వెనక ఉన్న సూత్రాన్ని 18వ శతాబ్దంలో లియోన్‌హార్డ్ ఆయిలర్ లెక్కగట్టాడు. చుట్టుకునే కోణం పెరిగేకొద్దీ పట్టు కూడికగా కాదు, రెట్లుగా పెరుగుతుంది. రాపిడి గుణకం 0.3 అనుకుంటే సగం చుట్టుకు పట్టు రెండున్నర రెట్లు, రెండు పూర్తి చుట్లకు 43 రెట్లు. బెల్టును రోలరు నడిపించేది ఈ సూత్రంతోనే. చున్నీ కొసనో, లుంగీ అంచునో, విడిచిన జుట్టునో తిరిగే కడ్డీ పట్టుకున్నప్పుడు జరిగేదీ ఇదే. నిమిషానికి 60 సార్లు తిరిగే కడ్డీకి రెండు చుట్లు చుట్టుకోవడానికి రెండే సెకన్లు. ఆ తర్వాత ఎంత బలవంతుడు లాగినా బట్ట వెనక్కి రాదు. బట్ట చిరగాలి, లేదా మనిషి లోపలికి పోవాలి. తిరిగే రోలర్ల దగ్గర చేతి తొడుగులు వద్దనడానికి కారణం కూడా ఇదే. వేలికంటే ముందు తొడుగు కొస చిక్కుతుంది, దాని వెంట చెయ్యి వెళ్తుంది.

చెరకు రసం బండి దగ్గర నిలబడి ఒక్క నిమిషం చూడండి. నున్నగా, తడిగా ఉన్న గడను ఆ రోలర్లు పట్టి, నలిపి, అవతలికి నెట్టేస్తాయి. గడ ఎంత జారుడుగా ఉన్నా పట్టు తప్పకుండా ఉండాలనే ఆ రోలర్ల మీద గాళ్ళు చెక్కుతారు. గడను వదలకుండా ఉండటానికి తయారైన రోలరు వేలినీ వదలదు. రెండోసారి, మూడోసారి మడిచి పెట్టిన పిప్పిని కుర్రాడు వేళ్ళతో లోపలికి నెట్టేటప్పుడు అతని వేలి కొసకూ రోలరుకూ మధ్య ఎంత ఎడం ఉందో గమనించండి.

తిరుగుతుండగానే ఎందుకు కడుగుతారు?

ఆపి కడగవచ్చు కదా అని బయటివాళ్ళకు అనిపిస్తుంది. చేసేవాడి ఇబ్బంది వేరు. బెల్టు ఒక పెద్ద ఉంగరం. ఏ క్షణంలో చూసినా సగం పైన, సగం కింద ఉంటుంది. మొత్తం తుడవాలంటే ఎవరో తిప్పాలి, లేదా మోటారే తిప్పాలి. ఒకచోట నిలబడి గుడ్డ ఆనిస్తే బెల్టే తిరిగి తుడుచుకుంటుంది. పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఆపి, జరిపి, మళ్ళీ ఆపి తుడిస్తే అరగంట. ఆ అరగంటకు కూలి ఎవరూ ఇవ్వరు.

రెండో కారణం బెల్టు నడకలో ఉంది. పిండో, బొగ్గు పొడో, తడి మట్టో బెల్టుకు అంటుకుని వెనక్కి వచ్చి, చివరి రోలరు మీద పేరుకుంటుంది. ఒక పక్క ఎక్కువ పేరుకుంటే రోలరు అక్కడ లావవుతుంది. బెల్టు పక్కకు జరగడం మొదలుపెడుతుంది. కాసేపట్లో ఫ్రేముకు ఒరుసుకుని అంచు చిరుగుతుంది. ఇది కంటికి కనపడేది యంత్రం తిరుగుతున్నప్పుడే. అందుకే మేస్త్రీ తిరుగుతుండగానే ఇనుప కడ్డీతో గీకుతాడు, తిరుగుతుండగానే పక్క బోల్టులు బిగించి బెల్టును దారిలో పెడతాడు. కడ్డీ కొస సందులో పడిందంటే, కడ్డీని వదిలేయాలన్న ఆలోచన రాకముందే చెయ్యి దాని వెంట వెళ్ళిపోతుంది.

ఇలా చూస్తే, తిరిగే యంత్రంలో చెయ్యి పెట్టడం ఆ మనిషి దుడుకుతనం కాదు. యంత్రాన్ని కొన్నవాళ్ళు, తయారుచేసినవాళ్ళు సరుకు ఎలా నడవాలో ఆలోచించారు గానీ, దాన్ని ఎలా కడగాలో ఆలోచించలేదు. ఆ ఖాళీని కూలిమనిషి తన వేళ్ళతో పూడుస్తున్నాడు.

స్విచ్ ఆపినంత మాత్రాన ఆగినట్టు కాదు

ఆపి కడిగే అలవాటు ఉన్నచోట కూడా చేతులు పోతున్నాయి. ఆపడానికీ ఆగి ఉండటానికీ మధ్య నాలుగు సందులు ఉన్నాయి.

మొదటిది రెండో మనిషి. స్విచ్ ముందు గదిలో, యంత్రం వెనక గదిలో. లోపల ఒకరు వంగి రోలరు తుడుస్తుంటారు. బయట గిరాకీ వచ్చింది. సేఠో, ఉస్తాదో, పక్కన పనిచేసే కుర్రాడో, పని అయిపోయిందనుకుని స్విచ్ వేస్తారు. ఎవరికీ దురుద్దేశం లేదు. స్విచ్ దగ్గరున్న మనిషికి లోపలున్న చెయ్యి కనిపించదు, అంతే.

రెండోది కరెంటు. సరఫరా పోతే యంత్రం ఆగుతుంది. ఆగింది కాబట్టి ఈలోగా శుభ్రం చేసేద్దామని చెయ్యి లోపలికి పోతుంది. స్విచ్ మాత్రం వేసే ఉంది. కరెంటు వచ్చిన క్షణం యంత్రం తనంత తానే కదులుతుంది. దీన్ని ఆపడానికే మంచి స్టార్టర్లలో నో-వోల్ట్ కాయిల్ ఉంటుంది. కరెంటు పోగానే అది వదిలేస్తుంది. మళ్ళీ బటన్ నొక్కితే తప్ప మోటారు కదలదు. మామూలు మెయిన్ స్విచ్‌తోనో ఎంసీబీతోనో నేరుగా నడిపే మోటారుకు ఆ రక్షణ లేదు. మాటిమాటికీ స్టార్టరు పడిపోతోందని కాయిల్‌ను తప్పించి వైరు కలిపినచోటా లేదు. తెలంగాణ రైతులకు ఇది బాగా తెలిసిన విషయం. రాత్రిపూట కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు బోరు దానంతటదే నడవాలని ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది, నీళ్ళూ కరెంటూ వృథా కాకూడదని. మనుషులు చెయ్యి పెట్టే యంత్రానికి అదే ఏర్పాటు ఉంటే పోయేది నీళ్ళు కాదు.

మూడోది జోరు. కరెంటు ఆపాక కూడా బరువైన రాయి, చక్రం, రోలరు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. చప్పుడు తగ్గింది కాబట్టి ఆగిందనుకుంటారు. బరువైన చక్రం నెమ్మదిగా తిరుగుతున్నా దానిలో వేలిని నలిపేంత శక్తి మిగిలే ఉంటుంది.

నాలుగోది దాగి ఉన్న బలం. పొడవాటి బెల్టును బిగువుగా ఉంచడానికి బరువు దిమ్మనో స్ప్రింగునో కట్టి పెడతారు. ఏటవాలుగా పైకి పోయే బెల్టు మీద సరుకు నిండా ఉంటే, మోటారు ఆగిన తర్వాత ఆ బరువు బెల్టును వెనక్కి నడిపించగలదు. రైసు మిల్లుల్లో ధాన్యాన్ని పైకి ఎత్తే బకెట్ ఎలివేటరులోనూ ఒక పక్క బకెట్లు నిండి, రెండో పక్క ఖాళీగా ఉంటాయి. అడ్డుపడినదాన్ని తీయగానే మొత్తం గొలుసు ఒక్కసారిగా కదులుతుంది. కరెంటుతో నిమిత్తం లేని కదలిక ఇది. ఫ్యూజు పీకినా ఆగదు. బరువును కింద దించాలి, లేదా కదలకుండా ఆపు పెట్టాలి.

తెఆన్ నుంచి సిహుంగ్ దాకా

ఈ నాలుగు సందులకు తోడు ఐదోది ఒకటుంది, ఒంటరితనం. దక్షిణ కొరియాలోని తెఆన్ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 2018 డిసెంబరు 10 రాత్రి 24 ఏళ్ళ కిమ్ యోంగ్-గ్యున్ బొగ్గు కన్వేయర్‌లో చిక్కుకుని చనిపోయాడు. సబ్‌కాంట్రాక్టు సంస్థలో చేరి కొన్ని నెలలే అయింది. రాత్రి షిఫ్టులో ఒక్కడే తనిఖీకి వెళ్ళాడు. ఇద్దరు కలిసి చేయాల్సిన పని అది. బెల్టు పొడవునా, లాగితే యంత్రం ఆగే తాడు ఉంటుంది. రెండు చేతులూ లోపల ఉన్న మనిషి ఆ తాడు లాగలేడు. లాగడానికి రెండో మనిషి పక్కన ఉండాలి. అతన్ని కొన్ని గంటల తర్వాతే కనుగొన్నారు. రామగుండంలో, కొత్తగూడెంలో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చేరవేసేవి ఇలాంటి బెల్టులే. వాటి కింద రాలిన బొగ్గు ఎత్తే పనిలో ఉండేదీ ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే.

ఆ కుర్రాడి తల్లి, తోటి కార్మికులు వీధుల్లోకి వచ్చారు. ఆ నెలలోనే కొరియా పార్లమెంటు కార్మిక భద్రత చట్టాన్ని సవరించింది. జనం దాన్ని కిమ్ యోంగ్-గ్యున్ చట్టం అనే పిలుస్తారు. 2022 జనవరి నుంచి మరో చట్టం వచ్చింది. భద్రత ఏర్పాట్లు చేయక మనిషి చనిపోతే సంస్థను నడిపేవాళ్ళకే ఏడాదికి తగ్గని జైలు గానీ జరిమానా గానీ పడవచ్చు. అయినా 2025 మే 19న సిహుంగ్ నగరంలోని ఒక పెద్ద బేకరీ కర్మాగారంలో తెల్లవారుజామున 3 గంటల వేళ, యాభై దాటిన ఒక మహిళ కన్వేయర్‌కు నూనె వేస్తూ అందులో చిక్కి చనిపోయింది. కాల్చిన రొట్టెలు చల్లారడానికి తిరిగే బెల్టు అది. చట్టం కఠినమైనచోట కూడా, నూనె వేయాలంటే మనిషి యంత్రం లోపలికి వెళ్ళాల్సి వచ్చినంతకాలం ప్రమాదం అక్కడే ఉంటుంది.

చట్టానికి తెలుసు, గల్లీకి చేరలేదు

మన చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షన్ తిరిగే భాగాలకు గట్టి కంచె ఉండాలంది. 22వ సెక్షన్ నేరుగా ఈ వ్యాసం విషయమే. తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించాల్సి వచ్చినా, నూనె వేయాల్సి వచ్చినా, ప్రత్యేక శిక్షణ పొందిన పెద్దవాడే చేయాలంది. అతని పేరు రిజిస్టరులో ఉండాలి. ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకోవాలి, ఆ బట్టలు యజమానే ఇవ్వాలి. 15 సెంటీమీటర్ల కంటే వెడల్పైన బెల్టును తిరిగే చక్రం దగ్గర ముట్టుకోకూడదు. 24వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆపిన స్విచ్ అనుకోకుండా మళ్ళీ పడే వీలుంటే, దానికి తాళం వేసే ఏర్పాటు ఉండాలంది. కన్వేయర్ల భద్రత కోసమే ఐఎస్ 7155 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది.

ఇన్ని ఉన్నా దేశంలో రిజిస్టరైన ఫ్యాక్టరీల్లోనే 2017 నుంచి 2020 దాకా రోజుకు సగటున ముగ్గురు కార్మికులు చనిపోయారని కేంద్ర కార్మిక శాఖ కింద పనిచేసే డీజీఫాస్లీ లెక్కలు చెబుతున్నాయి. రిజిస్టరు కాని వాటి లెక్క అందులో లేదు. పాత చట్టం ప్రకారం కరెంటు వాడే చోట కనీసం 10 మంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఆ హద్దు 20 మందికి పెరిగింది. నలుగురైదుగురితో నడిచే గల్లీ గిర్ని పాత హద్దుకూ కిందే, కొత్త హద్దుకూ కిందే. అక్కడికి ఇన్‌స్పెక్టరు రాడు, రిజిస్టరు ఉండదు, వేళ్ళు పోయిన లెక్క ఏ పట్టికలోనూ చేరదు.

నష్టపరిహారానికి మాత్రం పట్టిక ఉంది. 1923 నాటి పరిహార చట్టం శరీరాన్ని భాగాలుగా లెక్కగట్టింది. చూపుడు వేలు పూర్తిగా పోతే సంపాదించే శక్తిలో 14 శాతం నష్టం, బొటనవేలికి 30, ఒక చేతి నాలుగు వేళ్ళకు 50, చెయ్యే పోతే 60. ఈ చట్టాన్ని ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. జర్దోజీ పనివాడికీ, గాజులు చేసేవాడికీ, మెకానిక్‌కూ చూపుడు వేలంటే 14 శాతమేనా అన్న ప్రశ్నకు ఆ పట్టికలో జవాబు లేదు.

ఒక తాళం, ఒక తాళంచెవి

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ లేదు. ప్రపంచమంతటా దాన్ని లాకౌట్ అంటారు. అమెరికాలో కార్మిక భద్రత సంస్థ ఓషా 1989లో దీన్ని తప్పనిసరి చేసింది. ఈ పద్ధతి ఏటా సుమారు 120 మరణాలనూ 50,000 గాయాలనూ ఆపుతుందని ఆ సంస్థ అంచనా. సూత్రం ఒక్కటే. యంత్రంలో చెయ్యి పెట్టే మనిషే స్విచ్‌కు తాళం వేయాలి, తాళంచెవి అతని జేబులోనే ఉండాలి. సేఠ్ దగ్గర కాదు, గోడ మేకుకు కాదు.

యాకుత్‌పురాలో ఏ ఇనుప సామాన్ల దుకాణంలోనైనా దొరికే మామూలు తాళంతో ఇది చేయవచ్చు. చాలా మెయిన్ స్విచ్ డబ్బాలకు పిడిని ఆఫ్‌లో పెట్టి తాళం వేసే చిల్లు ఉంటుంది. ఎంసీబీలకు తగిలించే చిన్న క్లిప్పులు దొరుకుతాయి. పాత బోర్డులో పింగాణీ ఫ్యూజులు, ఎలక్ట్రీషియన్లు కిట్‌క్యాట్ అనేవి, ఉంటే మెయిన్ ఆపేశాక మూడు ఫేజులవీ పీకి జేబులో వేసుకోవచ్చు. కరెంటు పనివాళ్ళకు ఇది కొత్త కాదు. లైను మీద పనిచేసేటప్పుడు ఫ్యూజు జేబులో వేసుకునే ఆ పాత అలవాటునే గిర్నీలోకి తేవాలి. ప్లగ్గుతో నడిచే యంత్రమైతే ప్లగ్గు పీకి, చెయ్యి పెట్టే మనిషి కంటి ముందే ఉంచుకోవాలి.

వరుస ముఖ్యం. పక్కనున్న అందరికీ చెప్పాలి. స్విచ్ ఆపాలి. తాళం వేయాలి. తిరిగేదంతా పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. బరువు దిమ్మ, ఏటవాలు మీది సరుకు ఉంటే దించాలి, స్ప్రింగు ఉంటే వదులు చేయాలి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయే పని: స్టార్టు బటన్ ఒకసారి నొక్కి చూడాలి. యంత్రం కదలలేదంటే సరైన స్విచ్‌కే తాళం వేశారన్నమాట. రెండు యంత్రాలకు రెండు స్విచ్‌లు పక్కపక్కనే ఉన్నచోట తప్పు స్విచ్ ఆపడం మామూలుగా జరిగేదే. అప్పుడే చెయ్యి లోపలికి. ఇద్దరు పనిచేస్తుంటే ఇద్దరివీ వేరువేరు తాళాలు. ఇద్దరూ తీస్తే తప్ప యంత్రం కదలకూడదు.

లోపలికి పోకుండానే కడిగేలా

తాళం కంటే మేలైనది, చెయ్యి లోపలికి పోవాల్సిన అవసరమే లేకుండా చేయడం. గ్రీజు సంగతే తీసుకుందాం. బేరింగు యంత్రం లోపలి పక్కన ఉంటుంది. దాని నెత్తిన చిన్న నిపుల్. గ్రీజు గన్ అందాలంటే బెల్టు పక్క నుంచి భుజం దాకా చెయ్యి చాపాలి. ఆ నిపుల్ తీసి, ఒక సన్నటి గొట్టం బిగించి, రెండో కొసను ఫ్రేము బయటికి తెచ్చి, నిపుల్‌ను అక్కడ పెడితే చాలు. బయట నిలబడే గ్రీజు పెట్టవచ్చు. మేస్త్రీకి గంట పని. ఆ గంట పని జరగని చోట ఒక మనిషి ఏళ్ళ తరబడి భుజం దాకా చెయ్యి చాపుతూనే ఉంటాడు.

చివరి రోలరు మీద పిండి పేరుకోకుండా రెక్కల రోలరు వాడవచ్చు. అంటుకున్నది రెక్కల సందుల్లోంచి రాలిపోతుంది. బెల్టుకు ఎప్పుడూ ఆనుకుని ఉండే గీకుడు బద్దను బిగిస్తే చేతిలో కడ్డీతో పని ఉండదు. ప్యాకింగ్ బెల్టుల్లో పాప్-అవుట్ రోలర్లు వచ్చాయి. వేలు పడితే నలపకుండా రోలరే ఎగిరి బయటికి వస్తుంది. తిప్పుతూనే కడగక తప్పని యంత్రానికి, నొక్కి పట్టుకున్నంతసేపే అతి నెమ్మదిగా కదిలి, వదలగానే ఆగే బటన్‌ను పెట్టవచ్చు. ఆ బటన్ కడిగేవాడి చేతిలోనే ఉండాలి, చెయ్యి సందుకు అందనంత దూరంలో ఉండాలి.

ఇనుప జాలీకి కూడా లెక్క ఉంది. జాలీ ఉంటే చాలదు. దాని కన్నం ఎంత, అది సందుకు ఎంత దూరంలో ఉందన్నది చూడాలి. ఐఎస్ఓ 13857 ప్రమాణం ప్రకారం కన్నం 12 నుంచి 20 మిల్లీమీటర్లుంటే జాలీ ప్రమాదపు చోటుకు కనీసం 120 మిల్లీమీటర్ల ఎడంలో ఉండాలి. వేలు దూరగలిగినంత కన్నానికి వేలి పొడవును మించిన దూరం. చెయ్యి దూరేంత ఖాళీ ఉంటే 850 మిల్లీమీటర్లు, దాదాపు భుజం దాకా. రోలరుకు ఆనించి కట్టిన కోళ్ళ గూటి జాలీ కంటికి కంచెగా కనిపిస్తుంది గానీ వేలిని ఆపదు.

'ఇరవై ఏళ్ళుగా చేస్తున్నా, ఏం కాలేదు'

ఈ మాట ప్రతి వర్క్‌షాపులోనూ వినిపిస్తుంది. అన్న మనిషి అబద్ధం చెప్పడం లేదు. తిరిగే యంత్రాన్ని తుడిచిన ప్రతిసారీ చెయ్యి పోదు. పదివేలసార్లకు ఒకసారి మాత్రమే పోతుందని అనుకుందాం. రోజుకు మూడుసార్లు, ఏడాదికి 300 రోజులు చేస్తే 900 సార్లు. పదేళ్ళకు 9,000. పదేళ్ళలో కనీసం ఒక్కసారైనా చెయ్యి చిక్కే అవకాశం ఈ లెక్కన సుమారు 59 శాతం. అంటే పదిమందిలో ఆరుగురికి గాయం, నలుగురికి ఏమీ కాదు. గాయపడిన ఆరుగురూ ఊరికి వెళ్ళిపోతారు, లేదా వేరే పని చూసుకుంటారు. మిగిలిన నలుగురే ఉస్తాదులవుతారు. కొత్తగా చేరిన కుర్రాడికి పని నేర్పేది వాళ్ళే. తమకేమీ కాలేదు కాబట్టి తాము చేసినట్టే చేయమంటారు. అదృష్టం అనుభవం పేరుతో ఒక తరం నుంచి మరో తరానికి అందుతుంది.

చెయ్యి చిక్కితే

ముందు మెయిన్ ఆపాలి. చేతిని పట్టి లాగకూడదు. ఎముక, నరం, చర్మం ఇంకా చెడతాయి. మోటారును వెనక్కి తిప్పి చూద్దామన్న ఆలోచనా వద్దు. కరెంటు తీసేశాక బెల్టు బిగువు వదిలి, రోలరు బోల్టులు విప్పి చేతిని బయటికి తీయాలి. ఈలోగా ఒకరు 108కి ఫోను చేయాలి. రక్తం ఉధృతంగా పోతుంటే శుభ్రమైన బట్టతో గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి, చెయ్యి పైకెత్తి ఉంచాలి.

వేలు తెగి పడితే దాన్ని వెతికి తీయాలి. మట్టి ఉంటే శుభ్రమైన నీళ్ళతో పైపైన కడిగి, తడిపి పిండిన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టాలి. ఆ సంచిని మంచుముక్కలు కలిపిన నీళ్ళలో ఉంచాలి. వేలిని నేరుగా మంచు మీద పెడితే కణజాలం గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. ఇలా చల్లగా ఉంచిన వేలిని చాలా గంటల తర్వాత కూడా అతికించే అవకాశం ఉంది. కండరం ఎక్కువగా ఉండే ముంజేయికి గడువు తక్కువ, ఆరు గంటలు దాటితే కష్టం. ఒక సంగతి కూడా తెలిసి ఉండాలి. కత్తికి నున్నగా తెగిన వేలు అతికినంత బాగా రోలరులో నలిగి ఊడిన వేలు అతకదు. రక్తనాళాలు లోపలంటా చిరిగిపోయి ఉంటాయి. అందుకే ఈ ప్రమాదాల్లో వైద్యం మీద పెట్టుకునే ఆశ కంటే ముందే ఆపడం మీద పెట్టే శ్రద్ధ విలువైనది.

ఎవరేం చేయాలి

గిర్నీ, బేకరీ, వర్క్‌షాపు నడిపేవాళ్ళు ఈ వారంలోనే మూడు పనులు చేయవచ్చు. ప్రతి మోటారు స్విచ్‌కూ తాళం వేసే ఏర్పాటు చూసుకోవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం దానంతటదే కదులుతుందేమో పరీక్షించి, కదిలితే నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరు పెట్టించాలి. కడగడానికీ గ్రీజు పెట్టడానికీ పట్టే సమయాన్ని పనిగంటల్లో లెక్కగట్టి కూలి ఇవ్వాలి. మూడోది చేయకపోతే మొదటి రెండూ నిలవవు. తొందరలో ఉన్న మనిషికి తాళం ఎప్పుడూ అడ్డమే.

ప్రభుత్వం కూడా పదిమంది, ఇరవైమంది అన్న హద్దు దగ్గర ఆగిపోకూడదు. రోలరు సందుకు మనుషుల లెక్క తెలియదు. ఐటీఐలలో మోటారు బిగించడం నేర్పేటప్పుడే తాళం వేయడమూ నేర్పాలి. యంత్రాలు తయారుచేసి అమ్మేవాళ్ళు స్విచ్‌కు తాళం చిల్లూ, బయటికి తెచ్చిన గ్రీజు గొట్టమూ లేకుండా యంత్రాన్ని అమ్మకూడదని నిబంధన పెట్టడం వెయ్యి తనిఖీల కంటే ఎక్కువ చేతుల్ని కాపాడుతుంది. చిన్న వర్క్‌షాపు గడప దాకా ఇన్‌స్పెక్టరు రాకపోవచ్చు గానీ, కొన్న యంత్రం మాత్రం ఆ గడప దాటి లోపలికి వస్తుంది. భద్రత దానితోపాటే రావాలి.

పనిచేసేవాళ్ళు అడగాల్సింది ఒక్కటే: 'నా చెయ్యి లోపల ఉన్నంతసేపు తాళంచెవి నా దగ్గర ఉంటుందా?' ఈ ప్రశ్న అడిగిన మనిషిని పిరికివాడన్న చోట పనిచేయకపోవడమే మేలు. అవునన్న చోట ఆ యంత్రం చెరకును, పిండిని, బొగ్గును మాత్రమే నలుపుతుంది.